మా బోరు నీళ్లలో మోదుగ రంగు

ఇంటి వెనక దండెం మీద మూడు గుడ్డ ముక్కలు ఆరుతున్నాయి. మూడూ ఒకే తానులోంచి చింపినవి. మూడింటికీ వేసింది ఒకే సంచిలోని ఎండు మోదుగ పూలు. తూకం ఒకటే, బగోనె ఒకటే, ఉడికించిన సేపు కూడా ఒకటే. అయినా ఒకటి లేత నిమ్మపండు రంగులో ఉంది, ఒకటి ముదురు పసుపులో ఉంది, మూడోది దాదాపు కాషాయం. తేడా అంతా నీళ్లదే. మొదటిది వాన నీళ్లు, రెండోది నల్లా నీళ్లు, మూడోది మా బోరు నీళ్లు.

ఈ మూడు ముక్కల దాకా రావడానికి నాకు రెండేళ్లకు పైనే పట్టింది. నాలుగు వర్క్‌షాప్‌లు, లెక్కలేనన్ని బస్సు ప్రయాణాలు, పాడైన గుడ్డలు ఒక సంచి నిండా. నాలాగా ఉద్యోగం చేసుకుంటూ, ఇష్టం కొద్దీ ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. 2022 వేసవిలో మా అమ్మాయి ఇంటర్‌ చదువుకు హాస్టల్‌కు వెళ్లిపోయాక ఆదివారాలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. చిన్నప్పటి నుంచి గుడ్డ ముక్కలు దాచే అలవాటు ఉంది నాకు. టైలర్ దగ్గర కిందపడ్డ ముక్కలు, చిరిగిన చీరల అంచులు, పాత లంగాల జరీ పట్టీలు ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. ఎందుకు దాస్తున్నానో నాకే తెలియదు. మిక్స్‌డ్ మీడియా వర్క్‌షాప్ అని ఒక ప్రకటన చూసినప్పుడు ఆ పెట్టె గుర్తొచ్చింది. ఒకే పలక మీద కాగితం, గుడ్డ, దారం, రంగు, ఫొటో, ఎండిన ఆకు ఏదైనా కలిపి బొమ్మ కట్టడాన్నే అలా అంటారు.

అది హైదరాబాద్‌లో ఒకచోట జరిగింది. ఫీజు 1,800 రూపాయలు, సమయం మూడు గంటలు, వచ్చినవాళ్లం ఇరవై రెండు మందిమి. కూర్చునే సరికి మా ముందు కాన్వాస్ సిద్ధంగా ఉంది. దాని మీద తెల్ల పూత ముందే వేసి ఆరబెట్టారు. గుడ్డలు ముందే ఆకుల ఆకారంలో, పక్షి ఆకారంలో కత్తిరించి కవర్లో పెట్టారు. అతికించడం ఒక్కటే మా పని. అయిపోయాక అందరం బొమ్మలు పట్టుకుని ఫొటో దిగాం. ఇరవై రెండు బొమ్మల్లో ఇరవై రెండు ఒకే పక్షులు. నల్లగొండ బస్సులో రెండున్నర గంటలు ఆ పక్షిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నిజంగా బాధ కలిగింది. డబ్బు గురించి కాదు, నా పెట్టెలోని ముక్క ఒక్కటి కూడా బయటికి రానందుకు.

అక్కడ నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. ఫెవికాల్‌ను అలాగే పూస్తే గుడ్డ ముడతలు పడి గట్టిపడుతుంది. సగానికి సగం నీళ్లు కలిపి, గుడ్డ కింద ఒక పూత, పైన ఒక పూత వేస్తే సాపుగా కూర్చుంటుంది. అప్పటి నుంచి ఏ వర్క్‌షాప్‌కైనా డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడుగుతాను: ఎంతమంది వస్తారు, మా గుడ్డ మేం తెచ్చుకోవచ్చా, మొదటి నుంచి మా చేతే చేయిస్తారా అని. మూడో ప్రశ్నకు జవాబు నసిగితే వెళ్లను.

రెండోది సహజ రంగుల మీద రెండు రోజుల వర్క్‌షాప్. ఊరి చివర ఒక పాత ఇంటి వేపచెట్టు కింద ఎనిమిది మందిమే. నేర్పిన మేడం రంగు మాట ఎత్తనే లేదు. "మీరు తెచ్చిన గుడ్డ మీద ఒక్క చుక్క నీళ్లు వేయండి" అన్నారు. ప్రకాశం బజారులో కొన్న నా తెల్ల కాటన్ మీద చుక్క వేశాను. తామరాకు మీద నీటిబొట్టు లెక్క అలాగే నిలబడింది. పక్కన కూర్చున్నావిడ తెచ్చిన పాత ధోవతి ముక్క మీద వేస్తే క్షణంలో ఇంకిపోయింది.

కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, పత్తిలో సహజంగా ఉండే మైనం లాంటి జిడ్డు ఉంటుంది. అవి పోనిదే రంగు లోపలికి పోదు. అందుకని బట్టల సోడా, సబ్బు వేసి గంటసేపు ఉడికించాం. తెల్లగా కనిపించిన గుడ్డలోంచి టీ రంగు నీళ్లు వచ్చాయి. మళ్లీ చుక్క వేసి చూడటం, మళ్లీ ఉడికించడం. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఇదే. ఒకావిడ విసుక్కుని, "మేడం, ఇది ఇంట్లో చేసుకొని వచ్చేవాళ్లం కదా" అంది. మేడం నవ్వి, "ఇంట్లో ఎవరూ చెయ్యరమ్మా, అందుకే ఇక్కడ చేయిస్తున్నా" అన్నారు.

ఆ తర్వాత కరక్కాయ. లెక్కల మనిషిని కాబట్టి నాకు ఇక్కడ ప్రాణం లేచొచ్చింది. అంతా పొడి గుడ్డ బరువును బట్టే. వంద గ్రాముల గుడ్డకు ఇరవై గ్రాముల కరక్కాయ పొడి, పదిహేను గ్రాముల పటిక. కరక్కాయ నీళ్లలో రాత్రంతా నానిన గుడ్డ పొద్దునకు లేత వెన్న రంగులోకి వచ్చింది. కరక్కాయలోని వగరే గుడ్డకు, రంగుకు మధ్య ముడి వేస్తుందని చెప్పారు. పత్తి గుడ్డ తనంతట తాను రంగును గట్టిగా పట్టుకోదు.

రెండో రోజు ఒక మట్టికుండ తెచ్చారు. తుప్పు పట్టిన మేకులు, గుర్రపు నాడాలు, బెల్లం, నీళ్లు. మూడు వారాలుగా పులుస్తోంది. వాసన ఘాటుగా ఉంది. ఆ నీళ్లను కుంచెతో తీసుకుని కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత గీయమన్నారు. కుంచెలో ఉన్నది పలుచని మురికి నీళ్లే. గీసిన గీత మాత్రం మేం చూస్తుండగానే బూడిద రంగుకు, ఆ వెంటనే కాటుక నలుపుకు తిరిగింది. ఎనిమిది మందిమీ ఒక్కసారే "అయ్యో" అన్నాం. ఇనుము, కరక్కాయ వగరు కలిసినచోట నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలు గీసేది ఈ కసిం నీళ్లతోనే. అక్కడ గుడ్డను కరక్కాయతో పాటు బర్రె పాలలో కూడా తడుపుతారు. పాలలోని కొవ్వు వల్ల గీత అటూ ఇటూ పాకకుండా నిలుస్తుందట. ఆ నల్ల గీత ఉన్న ముక్కను ఇప్పటికీ నా పాఠ్యపుస్తకంలో పెట్టుకుని తిరుగుతాను.

మోదుగ పూల రంగు కూడా ఆ రోజే నేర్పారు. పటిక పట్టించిన గుడ్డ మీద చక్కటి పసుపు వచ్చింది.

ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. హోలీ ముందు నాగార్జునసాగర్ రోడ్డు వైపు మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చి, ఒళ్లంతా పూలే అయి నిలబడతాయి. ఒక ఆదివారం మా ఆయన బండి మీద వెళ్లి, కింద రాలినవే రెండు సంచులు ఏరుకొచ్చాం. సగం ఎండబెట్టాను, సగం అప్పుడే ఉడికించాను. అన్నీ మేడం చెప్పినట్టే. చుక్క పరీక్ష చేశాను, తూకం వేశాను, గడియారం చూశాను. పసుపు రాలేదు. కాషాయం వచ్చింది, పైగా అక్కడక్కడ మసకగా, మరకలుగా. మళ్లీ చేశాను. మళ్లీ అదే. నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. నాలుగు రోజులు బగోనె ముట్టలేదు.

చివరికి ఫోన్ చేస్తే మేడం అంతా విని ఒక్కటే అడిగారు. "మీ నీళ్లు ఎక్కడివమ్మా?"

నల్లగొండలో పుట్టినవాళ్లకు నీళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊళ్లో పళ్లు గారపట్టిన పిల్లలతో కలిసి చదువుకున్నాను, నలభై ఏళ్లకే నడుము వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగాను. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నం కలిపి శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. పిల్లలకు ఈ సంగతి నేనే చెబుతుంటాను. అలాంటిది రంగు బగోనెలో బోరు నీళ్లు పోసేటప్పుడు ఆ ఆలోచన రాలేదు. తాగడానికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి, వాడకానికి బోరు. అలవాటుగా బోరు కిందే బగోనె పెట్టాను.

మా బోరు నీళ్లలో క్షారం ఎక్కువ. కాచిన గిన్నెలో తెల్లటి పొర కట్టడం రోజూ చూసేదే. మోదుగ రంగు క్షారం తగిలితే కాషాయానికి తిరుగుతుంది. హోలీకి పూలు ఉడికించేటప్పుడు మా నానమ్మ చిటికెడు సున్నం వేసేది, రంగు ఎర్రగా రావాలని. ఆ సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. జూన్ దాకా ఆగి, మొదటి రెండు వానలు వదిలేసి, మూడో వానకు డాబా మీద బకెట్లు పెట్టాను. ఆ నీళ్లలో ఎండు పూలు ఉడికిస్తే పసుపే వచ్చింది! అందులోనే కొంచెం వంటసోడా వేశాను, కాషాయం. నిమ్మకాయ పిండాను, మళ్లీ పసుపు. వంటింట్లో నిలబడి ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి నాకు. తప్పు నా చేతిది కాదు, మా ఊరి నీళ్లది. నిజానికి అది తప్పే కాదు. ఆ కాషాయం నాకు ఇప్పుడు పసుపు కంటే ఎక్కువ ఇష్టం.

వర్క్‌షాప్‌లో నేర్చుకున్నది సగమే. ఇంటి నీళ్లతో, బజారులో దొరికే గుడ్డతో మళ్లీ చేసి చూసేదాకా అది మన పని కాదు. వారం వారం కొత్త వర్క్‌షాప్‌కు పరుగెత్తే స్నేహితులు నాకున్నారు. ఒకదానికి వెళ్లి నాలుగు నెలలు ఇంట్లో దాన్నే చెయ్యండని వాళ్లకు చెబుతుంటాను. ఇంకో మాట, రంగుకు వాడిన గిన్నె, గరిట మళ్లీ వంటకు వాడొద్దు. పాత స్టీలు బగోనె ఒకటి విడిగా పెట్టుకోండి.

మూడోది వర్క్‌షాప్ అనాలో కూడా తెలియదు. మా స్కూల్ సోషల్ మేడం వాళ్ల బంధువులది పుట్టపాక. సంస్థాన్ నారాయణపురం మండలం, ఒకప్పుడు మా నల్లగొండ జిల్లానే, 2016 నుంచి యాదాద్రి భువనగిరిలోకి పోయింది. నేత పనికి పద్మశ్రీ అందుకున్న గజం గోవర్ధన, గజం అంజయ్య ఆ ఊరివాళ్లే. ఐదుగురం మాట్లాడుకుని, ఒక నేతన్న ఇంట్లో రెండు ఆదివారాలు చిటికి కట్టడం, అంటే రంగు అంటకూడని చోట నూలును చుట్టి బిగించడం నేర్చుకున్నాం. మనిషికి వెయ్యి ఇచ్చాం. అన్నం వాళ్లింట్లోనే.

ఇంట్లో అడుగు పెట్టగానే నూనె వాసన. తేలియా రుమాలు అనే చిటికి నేత గుడ్డకు వాడే నూలు అది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, అందులో నూలును తడపడం, పిసకడం, ఆరబెట్టడం, మళ్లీ తడపడం, ఇలా రెండు వారాలకు పైనే చేస్తారట. అప్పుడే ఎరుపు లోతుగా పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, అవే తేలియా రంగులు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా చుక్క పరీక్షకు, గంట ఉడికింపుకు విసుక్కున్నవాళ్లను ఆ ఇంటికి ఒకసారి తీసుకెళ్లాలనిపించింది.

గ్రాఫ్ కాగితం చూడగానే నా మొహం వెలిగి ఉంటుంది. డిజైన్ అంతా గళ్లలో ఉంది. ఒక్కో గడి ఇన్ని పోగులు అని లెక్క. "లెక్కల టీచరా మేడం? గట్లయితే మీకు మస్తు అల్కగ వస్తది" అన్నాడు ఆ అన్న. లెక్క తేలిగ్గానే వచ్చింది. చెయ్యి రాలేదు. తెల్లగా ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు కోసిన సన్నని రబ్బరు పట్టీ చుట్టి బిగించాలి. రంగులో ముంచితే కట్టినచోట తెలుపు మిగులుతుంది. విప్పి, ఇంకోచోట కట్టి, మళ్లీ ముంచితే ఇంకో రంగు. నేను ఇరవై నాలుగు చిటికిలు కట్టాను. ముంచి, ఆరబెట్టి, విప్పితే పదహారు చోట్ల ఎరుపు లోపలికి పాకి తెలుపు గులాబీ అయింది.

ఆ ఇంటి పెద్దమ్మ నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో తడిమింది. "బిగువు సాల్లేదు బిడ్డా. రంగు దొంగ లెక్క, జర సందు దొరికితే సాలు, జొరబడుతది" అంది. నా బొటనవేలు పట్టుకుని ఎక్కడ ఒత్తాలో, ఏ క్షణంలో లాగాలో చూపించింది. మాటల్లో చెప్పలేని సంగతి అది. నా వేలి మీద ఆమె వేలు ఉంటేనే అర్థమైంది. రెండో ఆదివారం ఇరవై నాలుగింటిలో నాలుగే పోయాయి.

గోడకు ఆనించి పాత ఆసు చట్రం ఉంది. అర్ధచంద్రంలా మేకులు, ఎదురుగా ఒక్క మేకు. పేక నూలుకు చిటికి కట్టే ముందు దారాన్ని ఈ మేకుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు ఆడుతుంది. ఈ పని ఇంట్లో ఆడవాళ్లదే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆసు పోసేది యంత్రమే. పెద్దమ్మ నన్ను పాత చట్రం మీద కూర్చోబెట్టింది. పది నిమిషాలకే భుజం లాగడం మొదలైంది. "నేను ముప్పై ఏండ్లు పోసిన" అంది ఆమె, అదేం పెద్ద సంగతి కానట్టు. పోచంపల్లి చీర కట్టుకున్న ప్రతిసారీ ఇప్పుడు నా చెయ్యి అంచు మీదికి పోతుంది.

నాలుగో వర్క్‌షాప్‌కు మా గుడ్డలు మేమే తెచ్చుకోమన్నారు. ట్రంకు పెట్టె చివరికి బయటికొచ్చింది. నారాయణపేట నుంచి వచ్చిన ఒకాయన వాళ్ల తాత కప్పుకున్న గొంగడి ముక్క తెచ్చాడు. చింతగింజల గంజి పెట్టిన దక్కనీ గొర్రె ఉన్ని, అట్టలా గట్టిగా ఉంది. జిగురుతో ఎంత అతికించినా అది నిలవలేదు. చివరికి దబ్బనంతో కుట్టాడు. బరువైన గుడ్డకు జిగురు కాదు, కుట్టే దిక్కని అందరం చూసి నేర్చుకున్నాం.

అక్కడ మొదలుపెట్టిన నా బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. నల్లగొండ రెండు గుట్టలు, లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట, కసిం నీళ్లతో కరక్కాయ గుడ్డ మీద వేశాను. మా ఊరికి ఆ పేరు తెచ్చిన నలుపు ఇనుము నుంచే పుడితే బాగుంటుందనిపించింది. గుట్టల కింద మోదుగ కాషాయం. దాని కింద మట్టి పొరల్లా అమ్మ పాత చీరలు పెట్టాలనుకున్నాను.

అమ్మ నకిరేకల్ దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. కత్తెర తీసేసరికి గట్టిగా అడ్డం పడింది. "కట్టిన చీరకు కత్తెర పెట్టొద్దు బిడ్డా."

"బొంతకు చింపుతవు గదమ్మా?"

"ఎన్నడు చింపిన? మడతలు పెట్టి కుడత."

నిజమే. అమ్మ కుట్టే బొంతలో ఒక్క చీర కూడా ముక్కలు కాదు. మడత మీద మడత వేసి, అంచు నుంచి లోపలికి దబ్బనంతో కుట్టుకుంటూ పోతుంది. లోపల నాన్న ధోవతులు ఉంటాయి, నా చిన్నప్పటి లంగా ఉంటుంది, ఎవరికీ కనిపించవు. నాకు ఆ రోజు కోపమే వచ్చింది. నా బొమ్మలో ముక్కలు కావాలి, మడతలు కాదు. ఒక పూటంతా మాట్లాడుకోలేదు. సాయంత్రం ఆమె చీర తీసుకుని, మూడు మడతలు వేసి, అంచు మాత్రం బయటికి వచ్చేలా నా గుడ్డ మీద పెట్టి చూపించింది. మడత అంచులు ఒకదాని మీద ఒకటి పడి, కోసిన గట్టులో మట్టి పొరల్లాగే కనిపించాయి. నేను కత్తిరిస్తే వచ్చేది కాదు అది. రెండు సూదులు విరిగాయి. పొరలు మందం అయ్యాయి మరి. ఇప్పుడు దబ్బనంతోనే కుడుతున్నాను.

బస్సులకు, ఫీజులకు, సామానుకు కలిపి రెండేళ్లలో సుమారు 14,000 అయింది. అమ్మిన బొమ్మ ఒక్కటి లేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు. నా దగ్గర ఉన్నది ఒక పెద్ద నోటు పుస్తకం. ప్రతి పేజీలో ఒక గుడ్డ ముక్క, దాని తూకం, నీళ్లు, తేదీ. కింద ఎండ పరీక్ష కూడా ఉంటుంది. సగం ముక్క అట్ట కింద దాచి, సగం కిటికీ దగ్గర నెల రోజులు పెడతాను. పసుపుకొమ్ము రంగు ఎండకు వెలిసిపోయింది. దానిమ్మ తొక్క రంగు దాదాపు చెక్కుచెదరలేదు.

మొదటిసారి వాన నీళ్లతో చేసినప్పుడు పూలు తూకం వేయలేదు. ఈసారి వేశాను, అందుకే మూడు ముక్కలు దండెం మీద పక్కపక్కన ఉన్నాయి. మూడు నీళ్ల సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ, "మరి మన చేదబాయి నీళ్లో?" అంది. మొన్న శనివారం బస్సు దిగినప్పుడు ఆమె సంచిలో రెండు లీటర్ల సీసా ఉంది. నాన్న తవ్వించిన బాయి అది. ఆ నీళ్లలో రాత్రి పూలు నానబెట్టి, ఇందాకే పొయ్యి మీద పెట్టాను. అమ్మ పీట వేసుకుని బగోనె పక్కనే కూర్చుంది, మూత తియ్యనివ్వడం లేదు.